ఇంజను గదిలో కూరకారం

ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నా భుజాన ఎప్పుడూ ఒక లాప్‌టాప్ సంచీ ఉండేది. అది ఉంది కాబట్టి తెలివి కూడా ఉన్నట్టేనని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. చేపల బోట్లకు కంప్యూటరుతో నడిచే డీజిల్ ఇంజన్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. వాటికేదైనా జబ్బు చేస్తే మా కంపెనీ మనిషి వెళ్ళి, ఇంజను పక్కనున్న సాకెట్లో కేబుల్ గుచ్చి, రెండో కొస లాప్‌టాప్‌కు తగిలిస్తే చాలు, ఎక్కడ ఏం పోయిందో తెర మీద కనబడేది. ఆ మనిషిని నేనే. దర్శి దగ్గర మిరప వేసే ఇంట్లో పుట్టి, కాలేజీ పిక్నిక్‌లో తప్ప సముద్రం మొహం చూడనివాణ్ణి, నల్లపాడులో అద్దె గది తీసుకుని సముద్రం మీద తిరిగే ఇంజన్లకు డాక్టర్నయ్యాను. రేవుల్లో నన్ను ‘కంప్యూటరు సారు’ అనేవాళ్ళు. (అలా పిలవమని నేనెవరికీ చెప్పలేదు. వద్దని కూడా చెప్పలేదు.) ఇప్పుడా సారును తలుచుకుంటే సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి.

చేపలు గుడ్లు పెట్టే కాలమని వేసవిలో వేట ఆపేస్తారు కదా. ఆ నిషేధం ముగిసి బోట్లన్నీ ఒకేసారి కదిలే రోజున రేపల్లె అవతల రేవు నుంచి ఫోను వచ్చింది. ఒక బోటు ఇంజను స్టార్టవుతోంది గానీ వేగం అందుకోకుండా గుక్కపట్టి ఆగిపోతోందట. సాయంత్రానికల్లా బాగవకపోతే మిగతా బోట్లన్నీ వెళ్ళిపోతాయి, ఈ బోటు ఒక్కటే ఒడ్డున మిగిలిపోతుంది. సెలవు రోజు మా ఊళ్ళో గడిపి ఆ పొద్దున్నే గదికి వచ్చిన నేను, సంచీ కూడా విప్పకుండా అలాగే బస్సెక్కాను.

బోటు ఓనరు నలభై దాటని మనిషి, నెమ్మదస్తుడు. ఇంజను చూసుకునే డ్రైవరు ఆయనకు స్వయానా అక్క మొగుడు. ఇద్దరూ నన్ను ఇంజను గదిలోకి దింపారు. గది అనడమే గానీ, అది ముగ్గురు మనుషులు మోకాళ్ళు ముడుచుకుని కూర్చునే ఇనప డబ్బా. లోపల ఉక్క. నేను దర్జాగా కేబుల్ తీసి గుచ్చి, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని మీట నొక్కాను. ‘ఇంజనుతో సంబంధం కుదరలేదు’ అని వచ్చింది. మళ్ళీ గుచ్చాను, మళ్ళీ అదే. ఇంతలో ఓనరు తుమ్మాడు. తర్వాత డ్రైవరు తుమ్మి, కళ్ళు నులుముకుని, దగ్గడం మొదలుపెట్టాడు. పైనుంచి తొంగిచూస్తున్న కళాసీలు కూడా దగ్గుతూ వెనక్కి జరిగారు. నాకు మాత్రం ఏమీ కాలేదు. నిబ్బరంగా కూర్చుని, “పొగ గొట్టం లీకవుతోంది, మాకు అలవాటే” అన్నాను. (ఇంజను అప్పటికింకా స్టార్టే చెయ్యలేదన్న సంగతి నాకు గాని వాళ్ళకు గాని తట్టలేదు.)

“ఈ మధ్య దీంట్లో ఎవరన్నా చెయ్యి పెట్టారా?” అని అడిగాను. ఆ ప్రశ్న మాకు ట్రైనింగులో నేర్పారు. జవాబు వచ్చాక ఏం చెయ్యాలో నేర్పినట్టు లేరు.

“నేనేనండి. ఫ్యూజులు ఊడబీకి చూసి మళ్ళీ పెట్టాను” అన్నాడు డ్రైవరు, దాచకుండా.

“అదీ సంగతి! ఫ్యూజులతో ఆడి ఇంజను మెదడు, అదే లోపలి కంప్యూటరు, కాల్చేశారు. కొత్తది తెప్పించాలి. ఇవాళ కాదు కదా, ఈ నెల్లో కూడా అనుమానమే” అన్నాను. లోపల అన్నది చాలక, పైకెక్కి, అడిగిన ప్రతివాడికీ గొంతెత్తి మళ్ళీ చెప్పాను. పక్క బోట్ల వాళ్ళు కూడా ఐసు దించడం ఆపి విన్నారు. ఓనరు మొహం వాడిపోయింది. “ముట్టుకోవద్దంటే వినవు గదా బావా! ఇంక నువ్వు ఒడ్డునే ఉండు. ఇంజను బాగయ్యాక ఇంకో డ్రైవర్ని చూసుకుంటాలే” అన్నాడు. డ్రైవరు చేతులు గుడ్డకు తుడుచుకుని, ఆ గుడ్డను మడతపెట్టి ఇంజను మీదే ఉంచి, చెప్పులు వేసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. ‘నేరస్థుడు దొరికాడు’ అన్న తృప్తి నాకు ఆ క్షణాన ఉండిందని రాయడానికి చెయ్యి ముందుకు సాగడం లేదు, కానీ ఉండింది.

కొత్త మెదడు కోసం ఆఫీసుకు ఫోను చేసి చెప్పి, వాళ్ళు తిరిగి చేస్తారని ఎదురుచూస్తూ ఆ బోటు మీదే కేబుల్ చుడుతున్నాను. ఫోను మోగింది. రెండు చేతులూ ఖాళీ లేక, పేరు చూడకుండా వేలి కొసతో స్పీకరు నొక్కాను.

“ఏరా అబ్బాయ్, అన్నం తిన్నావా?” అంది మా అమ్మ, రేవంతా వినబడేట్టు. “చెప్పడం మర్చిపోయాన్రా. కొత్త కాయలతో కూరకారం కొట్టించి, పురుగు పట్టకుండా ఆవదం రాసి, నీ నల్ల సంచీలో పెట్టాను. వైర్లుండే అరలో అడుగున ఉంది. అదైతే మెత్తగా ఉంది, పొట్లం నలగదని. మూతి సరిగ్గా కట్టానో లేదో, కాస్త చూసుకో నాయనా!”

ఓనరు నా చేతిలోని కేబుల్ తీసుకుని, కొస వాసన చూసి, వేలితో గీకి నాలిక మీద వేసుకున్నాడు. “కారమేనండి. మంచి కారం” అన్నాడు. ప్లగ్గు బెజ్జాల నిండా ఆవదంతో ముద్దకట్టిన కూరకారం. లాప్‌టాప్ ఫ్యాను జాలీలో ఇంకాస్త. అది వేడెక్కినకొద్దీ ఆ ఇనప డబ్బాలోకి ఘాటు ఊదుతూ వచ్చింది. కళ్ళాల్లో ఆరబోసిన కాయల మధ్య పొర్లుతూ పెరిగిన నా ముక్కుకు అది ఘాటు కాదు, మామూలు గాలి. అందుకే నేనొక్కణ్ణే తుమ్మలేదు. దాన్నే నేను అనుభవం అనుకున్నాను.

స్ప్రే కొట్టి, బ్రష్షుతో తోమి మళ్ళీ గుచ్చేసరికి ఇంజను మెదడు నిక్షేపంలా పలికింది. డీజిల్ ఫిల్టర్లో నీళ్ళు చేరాయని తెర మీద చూపించింది. అన్నాళ్ళు కదలకుండా ఉన్న టాంకీ కదా, చెమ్మ పట్టింది. నీళ్ళు వదిలేసి స్టార్ట్ చేస్తే, ఇంజను ఒక్క గుక్కలో వేగం అందుకుంది. కళాసీలు ఈలలు వేశారు. కానీ ఇంజను ముందు కూర్చునే మనిషి లేడు. ఓనరు నా వైపు చూసి, “నేను పోతే మా అక్క గుమ్మం తొక్కనివ్వదు సార్. మొదట అన్నది మీరు, మీరే పోండి” అన్నాడు.

వెళ్ళాను. గుమ్మంలోనే ఆవిడ. “ఏం బాబూ, మా ఇంట్లో ఇంకేమన్నా కాలిపోయినయ్యేమో చూడ్డానికొచ్చావా?” అంది. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను నేలచూపులు చూస్తూ, పొరపాటైందని, తమరి తప్పేమీ లేదని, నాకే సరిగ్గా వినబడనంత మెల్లగా చెప్పాను.

ఆయన కోప్పడలేదు. “సారూ, అక్కడ అంత గట్టిగా అని, ఇక్కడ ఇంత మెల్లగా అంటే ఎట్టాగండీ? అక్కడ విన్నోళ్ళకి ఇది ఎట్టా తెలుస్తది? అక్కడికే పోదాం పదండి” అని చొక్కా తొడుక్కున్నాడు.

రేవులో ఐసు పెట్టెల మధ్య నిలబడ్డాను. పక్క బోట్ల వాళ్ళు కూడా పనాపి చూస్తున్నారు. గొంతు సవరించుకుని, “అయ్యా, డ్రైవరు గారి తప్పేం లేదు. ఇంజను తప్పు కూడా కాదు. ఇదంతా మా అమ్మ పెట్టిన కారం వల్ల వచ్చింది!” అని అరిచాను.

రేవు రేవంతా గొల్లుమంది. “ఒరేయ్, ఈసారి అమ్మ మీదకు తోస్తన్నాడ్రోయ్!” అన్నాడెవడో. డ్రైవరు ఒక్కడే నవ్వలేదు. నా పక్కకొచ్చి, “ఇంకోసారి చెప్పండి సార్” అన్నాడు నెమ్మదిగా.

“తప్పు నాది” అన్నాను. చిన్న మాటే గానీ, నోట్లోంచి తీయడానికి ఫిల్టరు ఊడదీసినంత శ్రమ పడ్డాను. ఆయన తలూపి బోటెక్కాడు. ఓనరు ఏదో అనబోతే, భుజం మీద చెయ్యి వేసి లోపలికి దిగిపోయాడు. అన్ని బోట్లతో పాటు ఆ బోటూ కదిలింది. అది చిన్నదయ్యేదాకా నేను గట్టు మీద నిలబడ్డాను, ఎవరి వైపూ చూడకుండా.

ఇప్పుడు నా కింద పనిచేసే పిల్లలున్నారు, నా జుట్టూ నెరిసింది. అయినా ఏదైనా చెడిందంటే ముందు నాలిక చివరికి ఇంకొకరి పేరే వస్తుంది. మొన్న మోటారు వేసి మర్చిపోయి మేడ మీద టాంకీ పొంగి పొర్లితే, “నువ్వు గుర్తు చెయ్యలేదేం?” అని మా ఆవిడ మీద కేకలేశాను. అన్నాక ఆగి, వీధిలో వాళ్ళకు కూడా వినబడేట్టు, “తప్పు నాది” అని అరిచాను. మా ఆవిడ కంగారుపడి, “అంత గట్టిగా ఎందుకండీ, ఎవరైనా వింటారు!” అంది. వినాలనే కదా. ఎన్నేళ్ళు గడిచినా నాకింకా రెండోసారికి గాని ఆ మాట నోటికి రాదు.