ఇరవయ్యొక్క చుట్లు

ముందు లెక్క వినబడుతుంది. "పదకొండూ... పన్నెండూ..." అంటూ, ఇనుము ఇనుముని ఒరుసుకునే కిర్రు చప్పుడు మధ్య, జోలపాట పాడుతున్నంత నిదానంగా. ఆ తరవాతే వీధి మలుపులో వంగిన నడుమొకటి, దాని మీద చెమటకు తడిసిన ఖాకీ చొక్కా, చివరికి బావగారు కనిపిస్తారు. నగరంలో ఫైర్ హైడ్రెంట్లను, అంటే ఫైరింజన్లకి నీళ్లిచ్చే వీధి కుళాయిలను, పరీక్షించేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. చుట్లు పైకి లెక్కపెట్టేది మాత్రం ఈయనొక్కరే. మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క చెడిందని మొత్తం విప్పేసి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేదీ ఈయనే.

హైడ్రెంటు పూర్తిగా మూతపడాలంటే స్పానరు ఇరవయ్యొక్క చుట్లు తిరగాలి. ఇరవైకే చేతులు దులుపుకుంటే పైకి చుక్క కనిపించదు. లోపల మాత్రం నీరు కారుతూనే ఉంటుంది. ఎవరికీ తెలియకుండా అడుగున మట్టి కరిగి, ఒకనాడు రోడ్డు కుంగుతుంది.

"ఒక్క చుట్టు కోసం ఇంత రభసా బావా?" అన్నాడు ఆయన బావమరిది ఒకసారి. అతనిదీ అదే ఉద్యోగం, పక్క వార్డు.

"పంతొమ్మిదిలో ఉన్నానురా. సరే, మళ్లీ ఒకటి."

బావమరిది రోజుకి పన్నెండు పరీక్షిస్తాడు. బావగారు నాలుగు. అయినా వీధిలోవాళ్లు కుర్చీ తెచ్చి నీడలో వేసేది బావగారికే. నీళ్లు వదిలే ముందు ఆయన గడపగడపకీ వెళ్లి, "అమ్మా, కాసేపు తుప్పు కదిలి కుళాయిలో ఎర్రనీళ్లొస్తాయి, తెల్లబట్టలు నానబెట్టకండి" అని చెబుతారు. బావమరిదికి అంత తీరికేదీ? అతని వీధుల్లో బాల్కనీల నుంచి ఎర్రబడ్డ దుప్పట్లు జెండాల్లా వేలాడేవి, వాటి వెనకనుంచి శాపనార్థాలు వినిపించేవి. అతని కడుపులో రగిలే మంటను ఆర్పడానికి ఊళ్లో ఉన్న హైడ్రెంట్లన్నీ ఒకేసారి విప్పినా చాలేది కాదు.

ఇంటికి వెళ్తే అక్కడా అంతే.

"అమ్మా, నేను నీ కొడుకుని."

"తెలుసులేరా. కాస్త పక్కకి జరుగు, అల్లుడు కూర్చుంటాడు."

కనీసం అక్క అయినా మొగుణ్ని నాలుగు మాటలంటుందని ఆశగా వినేవాడు. అక్క అనేది కూడా. "ఈయనతో పోట్లాట కూడా సాగదురా. నేను తిడుతుంటే తిట్లు లెక్కపెడతారు. మధ్యలో పొయ్యి కట్టెయ్యడానికి లేచానా, లెక్క తప్పింది, మళ్లీ మొదటినుంచి తిట్టమంటారు. నాకు అన్నీ గుర్తుంటాయా?" అని నవ్వేది. ఆ నవ్వులో ఉన్న మురిపెం చూసి తమ్ముడికి ఇంకాస్త మండేది.

ఇలా ఉండగా స్క్వాడ్ హెడ్ పోస్టు ఖాళీ అయింది. మూడు నెలల్లో ఎక్కువ హైడ్రెంట్లు పరీక్షించి, ఆఖరి తనిఖీలో ఒక్క తప్పూ దొరకనివాళ్లకి ఆ కుర్చీ. బావమరిది రెక్కలు కట్టుకున్నట్టు తిరిగాడు. నీళ్లు ఎగిసి ఎండలో తెల్లటి తురాయిలా విచ్చుకునేలోపే కట్టేసి, పక్క వీధికి పరుగెత్తేవాడు. మూడు నెలలకి అతనివి తొమ్మిది వందల ముప్ఫై ఆరు. బావగారివి మూడు వందల పన్నెండు.

తనిఖీ రోజు ఇంజనీరమ్మ అతని జాబితాలో తనకు తోచిన పది హైడ్రెంట్ల దగ్గర టిక్కులు పెట్టింది. వాటికి ఎన్నేసి చుట్లు తిప్పాడో అతను గుర్తుచేసుకోబోయాడు. ఏనాడు లెక్కపెట్టాడు గనక? చెయ్యి బరువెక్కగానే చాలనుకునేవాడు. పదింటిలో ఒక్కటి వదులుగా ఉన్నా కుర్చీ సంగతి దేవుడెరుగు, ఉన్న ఉద్యోగానికే నోటీసు వస్తుంది.

ఇంజనీరమ్మ మొదటిదానికి స్పానరు తగిలించి, బిగించే వైపు బలంగా నెట్టింది. కదల్లేదు. రెండోది కదల్లేదు. పదోదాన్ని ఆమె రెండు చేతులతోనూ నెట్టింది. రాయిలా ఉంది.

"లెక్కపెట్టి బిగించినట్టున్నావే. మీ బావ దగ్గర నేర్చుకున్నావా?"

"అవునండీ" అన్నాడు అతను, పళ్ల సందునుంచి.

ఆమె జీపు వెళ్లిపోయాక, పక్కనే కుట్టుమిషను తొక్కుతున్న ఆవిడ తల ఎత్తకుండానే అంది. "నెగ్గావా? నెగ్గక ఏం చేస్తావులే. రోజూ సాయంత్రం మీ బావగారు వచ్చి చూసుకుని వెళ్తుంటే."

"ఏం చూసుకుని?"

"నువ్వు పొద్దున విప్పినవాటిని. ఒక్కసారి నెట్టి చూస్తారు. కదిలిందా, మొత్తం విప్పి మొదటినుంచి బిగిస్తారు. ఆయన లెక్క పాటలా ఉంటుందంటారు కదా, వినాలని మిషను ఆపాను. ఇక్కడ పెదవులు కదులుతాయే తప్ప చప్పుడు లేదు. ఏమండీ అంటే, గట్టిగా లెక్కపెడితే మా బావమరిదికి చిన్నతనమండీ అన్నారు. పాపం, నేను పలకరించినందుకు మళ్లీ మొదలుపెట్టుకున్నారు."

బావమరిది అక్కడే గట్టు మీద కూలబడ్డాడు. కుర్చీ దక్కింది. మంట మాత్రం రెట్టింపయింది. తన గెలుపులో కూడా బావ చెయ్యే ఉంది. ఈ మనిషి మీద ఈర్ష్య పడటానికి కూడా చోటు మిగల్చకపోతే ఎలా?

తిన్నగా సామాన్ల గదికి వెళ్లాడు. కిటికీలోంచి పడ్డ ఎండపట్టెలో కూర్చుని, బావగారు స్పానరుకి నూనె రాస్తున్నారు.

"ఇంజనీరమ్మకి అంతా చెప్పేస్తాను. ఆ కుర్చీ నాకొద్దు."

"చెప్పు, తప్పులేదు. ఆమెకి ముందే తెలుసనుకుంటా."

"నేను ఎన్ని వదిలేశాను బావా?"

"పదకొండు."

"నవ్వుకున్నావా?"

బావగారు గుడ్డ పక్కన పెట్టారు.

"నవ్వా? లెక్కపెట్టకుండా తిప్పితే నావి పదిలో ఆరు తప్పుతాయిరా, అందుకే నోరు నొప్పెట్టేలా అరుస్తాను. నువ్వు తొమ్మిది వందలు పైగా తిప్పి పదకొండే వదిలావు. మూడు నెలలుగా నీ మీద కుళ్లుతో నాకు అన్నం సయించడం లేదు, కావాలంటే మీ అక్కనడుగు."