ఇంకొక్కటి బావ

మా అక్క మొగుడికి ఊళ్ళో ఉన్న పేరు "ఇంకొక్కటి". అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా వినిపించదు. తన ఫోటో స్టూడియోలో స్టూలు మీద కూర్చున్న మనిషిని ఒక్క క్లిక్కుతో లేవనిచ్చిన పాపాన పోలేదాయన. "బాగా వచ్చిందండీ" అంటాడు. ఆ మనిషి హమ్మయ్య అనుకుని సగం లేస్తాడు. అప్పుడు బావ గొంతు తగ్గించి, పెద్ద రహస్యం చెబుతున్నట్టు, "ఇంకొక్కటి" అంటాడు. మనిషి మళ్ళీ కూర్చుంటాడు. ఇలా ఐదారు సార్లు. పాస్‌పోర్టు ఫోటోకి వచ్చినవాళ్ళు గుంజీలు తీసి వెళ్ళినట్టుండేది.

స్టూడియో చిన్నది. ఒక పక్క టైలరు, ఇంకో పక్క తాళంచెవులు చేసే షాపు. ముందు గదిలో గాజు బల్ల, గోడ నిండా ఖాళీ ఫ్రేములు. వెనక గదిలో బూడిదరంగు తెర, గొడుగుల్లాంటి రెండు లైట్లు, ఒక అద్దం, అద్దానికి దారంతో కట్టేసిన దువ్వెన. దువ్వెన కట్టెయ్యకపోతే జనం జేబులో వేసుకుపోతారట. పక్కన కర్టెన్ వెనక కంప్యూటర్ ముందు అక్క. బావ తీస్తాడు, అక్క తీరుస్తుంది. మొటిమలు చెరిపేది, కాలర్లు సరిచేసేది, నుదుటి మీది మెరుపు తగ్గించేది అక్కే. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళో మొహాలన్నీ ఆవిడ చేతిమీదుగానే బయటికి వెళ్ళాయి.

బావ దగ్గర పదకొండేళ్ళుగా ఒకటే కెమెరా. ఇటుకరాయంత బరువు. చెయ్యి పట్టుకునే చోట రబ్బరు ఊడిపోతే అక్క జిగురు పెట్టి అతికించింది. మీటల మీది అక్షరాలన్నీ అరిగిపోయాయి. ఏ మీట ఏమిటో బావ వేళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. చీకటి గదుల్లో అది ఫోకస్ కోసం జర్రు జర్రుమని ముందుకీ వెనక్కీ వెతుక్కునేది, కళ్ళజోడు ఎక్కడ పెట్టానా అని తడుముకునే ముసలాయనలా. చివరికి అక్కే పోరు పెట్టి రెండో కెమెరా కొనమంది.

అక్కని చేసుకోవడానికి పావుగంట ఆలోచించిన మనిషి, ఆ కెమెరా కొనడానికి పద్నాలుగు నెలలు ఆలోచించాడు. ఈ మాట నేనంటే అక్క గుర్రుగా చూస్తుంది. బావ మాత్రం, "ఆ పావుగంటలో పన్నెండు నిమిషాలు మీ అక్క అటూ ఇటూ కదులుతూనే ఉంది. ఫోకస్ ఎక్కడ కుదిరింది?" అంటాడు.

కొత్తది వచ్చాక కూడా బావ మనసు స్థిమితపడలేదు. కొత్తది వచ్చిందని పాతదాన్ని అటకెక్కించడం ధర్మమా అన్నాడు. నిజంగా ఏది మేలో తేల్చాలన్నాడు. ఒక అట్ట నోటుబుక్కు కొన్నాడు. ప్రతి పేజీకీ మధ్యలో గీత. ఎడమవైపు పాతది, అంటే "పెద్దది"; కుడివైపు అరచేతిలో ఇమిడే కొత్తది, అంటే "చిన్నది". ఆ రోజునుంచి తీసిన ప్రతి ఫోటో రెండింటితోనూ తియ్యడం మొదలుపెట్టాడు. బయట పనికి వెళ్ళేటప్పుడు ఒక భుజానికి అదీ, ఒక భుజానికి ఇదీ. వీధిలో ఆయన నడుస్తుంటే కావడి మోస్తున్నట్టే ఉండేది.

ఆ నోటుబుక్కు నేను దొంగతనంగా చదివాను. "పెద్దది: మెడనొప్పి. చిన్నది: చేతిలో ఉందో లేదో తెలియదు, రెండుసార్లు వెతుక్కున్నాను." "పెద్దది: శబ్దం టప్. చిన్నది: చిక్. పసిపిల్లలు టప్‌కి చూస్తారు, చిక్‌కి చూడరు." "చిన్నది: తెర తిప్పుకోవచ్చు, నేల మీద పడుకోనక్కర్లేదు. ప్యాంటు మోకాళ్ళు మిగిలాయి." "పెద్దది: బ్యాటరీ పొద్దుటినుంచి సాయంత్రం దాకా. చిన్నది: మధ్యాహ్నానికే నీరసం." "చిన్నది: ఫోటో మరీ పెద్ద సైజు. కంప్యూటర్లో ఒక్కోటి తెరుచుకునేలోపు ఆవిడ కూర తరిగేస్తోంది." ప్రతిదానికీ పదికి మార్కులు. రెండింటికీ ఎప్పుడూ అర మార్కే తేడా. బడిలో పాఠాలు చెప్పే నాకే ఇంత కష్టపడి పేపర్లు దిద్దడం రాదు.

ఇబ్బందల్లా స్టూలు మీద కూర్చునేవాళ్ళకి. ఒకరోజు ఒక వడ్రంగి వచ్చాడు. లైసెన్సు కోసం ఫోటో కావాలి. నేను అక్క పక్కన కూర్చుని వింటున్నాను. బావ పాతదాంతో మూడు తీశాడు. కొత్తది అందుకున్నాడు.

"అయిపోలేదాండీ?" అన్నాడు వడ్రంగి.

"అయిపోయింది. ఇది దీంతో."

"అదేం పాడైపోయిందా?"

"లేదు లేదు, బ్రహ్మాండంగా ఉంది."

"మరి ఇదెందుకు?"

"పోల్చి చూడ్డానికి."

వడ్రంగి రెండు కెమెరాలనీ మార్చి మార్చి చూశాడు. "నేను తలుపు చేస్తే ఒకటే చేస్తానండీ. రెండు చేసి, ఏది బాగా మూసుకుంటుందో చూసుకోండని ఇంటివాళ్ళకి చెప్పను" అన్నాడు. కర్టెన్ వెనక అక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

మూడు నెలలు గడిచాయి. బావ తీర్పు చెప్పేశాడు. చెబుతున్నప్పుడు ఆయన మొహం చూస్తే ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదేమో అనిపించింది.

"కొత్తదే మేలు. మనుషులు మనుషుల్లా వస్తున్నారు. పాతదాంట్లో అందరూ బొమ్మల్లా బిగుసుకుపోతున్నారు. ఏం చేస్తాం, దాని కాలం అయిపోయింది" అని పాతదాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి, సంచిలో పెట్టబోయాడు.

అక్క కంప్యూటర్ దగ్గర్నుంచి లేవకుండానే పిలిచింది. "ఒకసారి ఇలా రండి."

తెరమీద వరసగా జంట ఫోటోలు పెట్టింది. వడ్రంగి, బ్యాంకు గుమాస్తా, కవలపిల్లల తల్లి, బస్సు కండక్టరు. ఎడమవైపు అందరి భుజాలూ చెవులదాకా ఉన్నాయి, అందరూ ఊపిరి బిగబట్టారు. కుడివైపు అందరి భుజాలూ దిగాయి.

"ముందు దేంతో తీస్తున్నారు?"

"పాతదాంతో. వయసులో పెద్దది, దానికి మర్యాద ఇవ్వొద్దూ?"

"ఒక వారం కొత్తదాంతో మొదలుపెట్టండి."

"ఎందుకు?"

"చెప్పింది చెయ్యండి."

వారం తరవాత ఫలితం తారుమారైంది. కొత్తదాంట్లో అందరూ ఊపిరి బిగబట్టారు. పాతదాంట్లో అందరూ హాయిగా ఉన్నారు. తేడా కెమెరాలో లేదు. మొదటి శబ్దం వినగానే గండం గడిచిందనుకుని మనిషి ఊపిరి వదులుతాడు, ఆ తరవాత ఏది నొక్కినా బాగానే వస్తుంది. మూడు నెలల మార్కులన్నీ బూడిదలో పోసిన పన్నీరయ్యాయి. ఆ సాయంత్రం బావ నాతో మెల్లిగా, "మీ అక్కకి ఇది మూడు నెలల క్రితమే తెలిసుంటుందంటావా?" అని అడిగాడు.

నేను అక్కనడిగాను. "మొదటి వారమే తెలుసు. పాపం అంత ముచ్చటపడి నోటుబుక్కు కొనుక్కున్నారు కదా అని ఊరుకున్నా" అంది.

అసలు గండం మా బడిలో వచ్చింది. మా హెడ్మిస్ట్రెస్ రిటైరవుతున్నారు. చాలా మంచావిడ, కానీ నవ్వరు. బడి హాల్లో వరసగా పంతొమ్మిదేళ్ళ గ్రూపు ఫోటోలు వేలాడుతుంటాయి. అన్నింట్లోనూ ఆవిడ మొహం ఒక్కటే, రబ్బరు స్టాంపుతో ముద్ర వేసినట్టు. ఆఖరి గ్రూపు ఫోటోకి మధ్యాహ్నం బావ బడి మైదానంలోకి వచ్చాడు, రెండు భుజాలకీ రెండు కెమెరాలతో. ఆ రోజే సెలవులు మొదలు. సగంమంది టీచర్లు సంచులు సర్దుకుని బస్సు వేళ చూసుకుంటున్నారు.

"మీకు మూడు నిమిషాలు" అన్నారు ఆవిడ బావతో.

బావ పాతదాంతో నాలుగు తీశాడు. టప్, టప్, టప్, టప్. ఆవిడ చెయ్యి ఎత్తి "చాలు" అన్నారు. బావ అప్పటికే కొత్తది కంటికి ఆనించుకున్నాడు.

"మేడమ్, ఇంకొక్కటి."

"మీరు నాలుగు తీశారు."

"ఇంకొక్కటేనండీ."

వెనక వరసలో ఉన్న నాకు నోరు ఆగలేదు. "మేడమ్, ఆయన పేరే ఇంకొక్కటి" అన్నాను.

ఆవిడ ఒక్కసారిగా తల వెనక్కి వాల్చి, పళ్ళన్నీ కనిపించేలా పకపకా నవ్వారు. ఆ నవ్వు విని మిగతావాళ్ళు బిత్తరపోయి ఆవిడ వైపు తిరిగారు. కొత్త కెమెరా చిక్కుమంది. గంట కొట్టారు. అందరూ చెదిరిపోయారు.

ఇంటికొచ్చాక బావ పాతదాని మూత తెరిచాడు. లోపల మెమరీ కార్డు లేదు. ముందురోజు అక్క ఫోటోలు కంప్యూటర్లోకి ఎక్కించి, కార్డు అక్కడే వదిలేసింది. కార్డు లేకపోయినా ఆ కెమెరా టప్పుమంటూనే ఉంటుంది, వినేవాళ్ళు లేకపోయినా మాట్లాడే మనుషుల్లా. తెర మూలన చిన్న గుర్తు మిణుకుమిణుకుమని చెబుతుంది కానీ, మిట్టమధ్యాహ్నం ఎండలో ఎవరికి కనిపిస్తుంది?

"కార్డు తీస్తే మళ్ళీ పెట్టక్కర్లేదా?" అన్నాడు బావ.

"బయల్దేరేముందు చూసుకోవక్కర్లేదా?" అంది అక్క.

ఆ రెండు ప్రశ్నలూ ఇంట్లో గంటసేపు అటూ ఇటూ తిరిగాయి. తేలిందేమిటంటే, ఉన్న ఫోటో ఒక్కటే. అందులో పదహారు మంది టీచర్లలో పదకొండు మంది పక్కకి చూస్తున్నారు, హెడ్మిస్ట్రెస్ ఆకాశంలోకి చూసి నవ్వుతున్నారు. మళ్ళీ తీద్దామంటే సగంమంది అప్పటికే బస్సుల్లో ఉన్నారు. రెండురోజుల్లో ఆవిడ ఉద్యోగానికి ఆఖరి రోజు.

"మొహాలు తిప్పగలవా?" అని అక్కనడిగాడు బావ.

"మొటిమలు చెరపగలను. మెడలు తిప్పలేను."

మర్నాడు పొద్దున ఫోటో ప్రింటు తీసుకుని ఆవిడ గదికి వెళ్ళాం. ఒక్కడూ వెళ్ళనని బావ నన్ను వెంటబెట్టుకున్నాడు. అంటించింది నువ్వే కాబట్టి ఆర్పాల్సింది కూడా నువ్వే అన్నాడు. బావ కవరు బల్లమీద పెట్టి, తేలు కుట్టిన దొంగలా గోడవైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకున్నారు. చాలాసేపు చూశారు. వేలితో ఫోటోలో తన మొహం దగ్గర తాకారు.

"మిగతావి?"

"ఇదొక్కటే ఉందండీ" అన్నాడు బావ. "మిగతావి... కార్డు లేదు. పొరపాటు నాది."

ఇంట్లో అక్క మీద వేసిన నేరాన్ని అక్కడ తనమీద వేసుకున్నాడు. అది నాకు నచ్చింది. అక్కకి చెప్పలేదనుకోండి, చెబితే ఆయనకి ఆ పూట గెలుపు దక్కేస్తుంది.

ఆవిడ ఇంకా ఫోటోనే చూస్తున్నారు. "నాకిన్ని పళ్ళున్నాయా?" అన్నారు మెల్లిగా. "ఉద్యోగంలో చేరిన మొదటిరోజు మా పెద్దసారు చెప్పారమ్మా, ఒక్కసారి నవ్వితే పిల్లలు నెత్తికెక్కుతారని. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. అది నిజమో కాదో పరీక్షించి చూడాలని ఎప్పుడూ తోచలేదు." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తరవాత మామూలు గొంతుతో, "హాల్లో పెట్టించండి. పక్కనున్న ఫోటోలు జడుసుకుంటాయేమో, కొంచెం ఎడంగా పెట్టమనండి" అన్నారు.

సెలవుల తరవాత పిల్లలు హాల్లో ఆ ఫోటో ముందు గుమిగూడి, మేడం నవ్వు చూసి తామూ నవ్వుతుండేవాళ్ళు. ఆ ఫోటో చూసినవాళ్ళు ఊళ్ళో చాలామంది "అలాంటిదే మాకూ తియ్యండి" అంటూ స్టూడియోకి వచ్చారు.

బావ ఇప్పుడు పాతదాన్ని కార్డు లేకుండానే స్టాండు మీద పెట్టేస్తాడు. ముందు దాన్ని టప్పుమనిపిస్తాడు. మనిషి ఊపిరి వదలగానే చేతిలోని కొత్తది చిక్కుమంటుంది. లోపల ఏమీ లేదని స్టూలు మీదవాళ్ళకి చెప్పడు. ఇది మోసం కాదా బావా అంటే, "బరువు దానిది, పని దీనిది. ఇంట్లో నేనూ మీ అక్కా లేమూ?" అన్నాడు. ఇద్దర్లో బరువు ఎవరో, పని ఎవరో చెప్పమంటే మాత్రం మాట మార్చాడు.

ఈమధ్య ఫోటోగ్రాఫర్ల సంఘం వాళ్ళు గుర్తింపు కార్డుకని బావ ఫోటో అడిగారు. అప్పుడు బయటపడింది, ఇరవై రెండేళ్ళలో బావది ఒక్క మంచి ఫోటో లేదని. స్టూలు మీద ఆయన్ని కూర్చోబెట్టి అక్క పాతది టప్పుమనిపించింది. బావ కదల్లేదు. గుట్టు తెలిసినవాడు కదా, రెండో శబ్దం కోసం కాచుకుని కూర్చున్నాడు. చిక్కుమన్నాక కూడా ఊపిరి వదల్లేదు, ఇంకోటి ఉంటుందేమోనని. పదకొండు తీసింది అక్క. పదకొండింట్లోనూ ఆయన దంతవైద్యుడి ముందు నోరు తెరవబోతున్నవాడిలా ఉన్నాడు.

"గడ్డం కిందికి, భుజాలు వదలండి అని ఊరందరికీ చెబుతారే!" అని అక్క విసుక్కుని కెమెరా బల్లమీద పెట్టి, ఆయన దగ్గరికెళ్ళి కాలర్ సరిచేసింది. సరిచేస్తూ చెవిలో ఏదో అంది. ఏమందో నాకు చెప్పలేదు, అడిగినా చెప్పరు. బావ తలెత్తి అక్కవైపు చూశాడు. నా చేతిలో ఫోన్ ఉంది. నొక్కాను.

"ఫోన్ ఫోటో కూడా ఒక ఫోటోనా!" అని బావ పావుగంట గొణిగాడు. వెనక తెర ముడతలు పడిందన్నాడు, వెలుగు ఒకవైపే ఉందన్నాడు, చెవి కొంచెం మసకబారిందన్నాడు. అక్క చప్పుడు చెయ్యకుండా దాన్నే కత్తిరించి సంఘానికి పంపేసింది. ఇప్పుడు ఆ కార్డు జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. ఎవరైనా చూసి, "భలే ఉందండీ, ఎవరు తీశారు?" అంటే మాత్రం, ఉన్నట్టుండి ఆయనకి లైటు సర్దాల్సిన పని గుర్తొస్తుంది.