దిబ్బ పాదం నుంచి నలభై మీటర్లు

మా హెండర్సన్ అంకుల్ పోయారు. మంగళవారం పొద్దున నేను ఆఫీసులో ఉండగా ఆంటీ ఫోన్ చేసి, "మీ అంకుల్ లేరమ్మా" అని పెట్టేసింది. కంప్యూటర్ కూడా కట్టేయకుండా బస్సెక్కాను. ఆయన ఊపిరితిత్తులు ఏడాదిగా మొరాయిస్తున్న సంగతి అందరికీ తెలుసు. తెలిసి ఏం ఒరిగింది?

ఆయన నాకు చుట్టం కాదు. చదువుకోవడానికి న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ వచ్చిన నాకు, హెండర్సన్ అనే పేటలోని తమ ఇంట్లో వెనక గది అద్దెకిచ్చి, ఉద్యోగం వచ్చాక కూడా పొమ్మనని మనిషి. నేనూ కడప జిల్లాదాన్నే, వాళ్ళది రాజంపేట వైపు. ఆంటీ నర్సు ఉద్యోగం మీద ఇద్దరూ ఈ దేశం వచ్చారు. ఇక్కడ ఆయన పని షాపింగ్ మాల్ బయట ట్రాలీలు తోయడం. అంతకుముందు ఇరవై ఏళ్ళు అరబ్బుల ఎడారిలో, చమురు కోసం వెతికే సర్వే బృందంలో టేపు పట్టారు. వాన పడితే తాను తడుస్తూ నడిచేవారు, ఇష్టంగా. నాకు మాత్రం బస్టాపు దాకా గొడుగు తెచ్చేవారు.

ఎడారి అంటే నాకు తెలిసింది ఒంటె, ఖర్జూరం. ఆయన నవ్వేవారు. "అంతా ఒకే ఇసుక కాదు పాపా. ఉప్పునేల ఉంటాది, పైకి గట్టిగా కనపడతాది, లారీ ఎక్కితే ఇరుసు దాకా దిగబడతాది. రాతినేల ఉంటాది, టైర్లను నమిలేస్తాది. నెలవంక మాదిరి దిబ్బలు ఉంటాయి, అవి గాలికి నడస్తాయి." మనుషుల సంగతీ అలాగే చెప్పేవారు. క్యాంపులో గాలి వచ్చే పక్క తెల్లవాళ్ళ ఏసీ గదులు, చమురు బావుల దగ్గర కాల్చేసే గ్యాసు మంటల పొగ వచ్చే పక్క మనవాళ్ళ డేరాలు. అక్కడే పుట్టి పెరిగిన ఒక అరబ్బు ముసలాయన వాళ్ళకు దారి చూపేవాడట. చమురు పడ్డాక ఆయన మేకలకే అక్కడ చోటు లేకుండా పోయింది. "నీళ్ళు నూరు మైళ్ళ నుంచి ట్యాంకర్లో వచ్చేవి పాపా, మంట మాత్రం ఊరికే వచ్చేది" అనేవారు.

ఆ ట్యాంకర్ నడిపింది అంకుల్ సొంత తమ్ముడు. వీసా తెప్పించి పిలిపించుకున్నది ఈయనే. ఒకసారి ఇసుక గాలిలో దారి తప్పాడు. నాలుగో రోజు దొరికాడు. ఆ ఎండకు శవం ఊరు చేరే స్థితిలో లేదని క్యాంపు పెద్ద అక్కడే పూడ్పించేశాడు. రాజంపేటలో మరదలు అడిగింది ఒక్కటే: "ఏడ పెట్టినారో చూపించు బావా. చూసినాకనే బొట్టు తీస్తా."

ఆమె ఇప్పటికీ తీయలేదు. ఆయన చూపించలేకపోయారు. ఎందుకో నాకు చాలా కాలం చెప్పలేదు.

ఒక ఆదివారం ఆయన్ని పశ్చిమ తీరంలో నల్ల ఇసుక దిబ్బల దగ్గరికి తీసుకెళ్ళాను. ఒక దిబ్బ పాదం దగ్గర కర్ర పాతారు. చలికాలం పోయాక మళ్ళీ వెళ్తే కర్ర లేదు. ఎవరో పిల్లలు పీకేసి ఉంటారన్నాను. ఆయన దిబ్బ అంచును చేతులతో తవ్వుతూ పోయారు. అరగంటకు కర్ర కొన బయటపడింది. అక్కడే కూలబడ్డారు.

"పూడ్చినాక టేపు పట్టి కొల్చినా పాపా. చుట్టూ గుర్తుకు ఇంకేమీ లేదు, దిబ్బల్లో పెద్దది ఒకటే. దాని పాదం నుంచి తూర్పుకు నలభై మీటర్లు అని రాసుకున్నా. నెలనెలా ఆ దిబ్బ ఎంత నడిచిందో కొల్చేది నేనే. నాకంటే ఎవురికి తెలుసు? ఆ పొద్దు తోచలేదు. మరుసటేడు పోతే ఆ దిబ్బ ఏదో, పక్కది ఏదో."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో ఇప్పటికీ తెలియదు.

భూమిని పైనుంచి చూపించే ఫోటోలు ఇళ్ళ కంప్యూటర్లలోకి వచ్చాక ఆయనకు ఆశ పుట్టింది. పుట్టించింది నేనే, నా తెలివి తగలెయ్య. ప్రతి శనివారం కళ్ళజోడు తుడుచుకుంటూ నా గదిలోకి వచ్చేవారు. క్యాంపు ఉన్న చోట ఇప్పుడు కొత్త బావులు, పైపులైన్లు, తారురోడ్డు. అవి దాటితే ఇసుక. ఒకరోజు విసుగెత్తి, "ఏదో ఒకటి ఇదే అని చెప్పేయండి అంకుల్, ఆమెకేం తెలుస్తుంది?" అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు గోంగూర పచ్చడి గిన్నె నా గుమ్మం దగ్గర పెట్టి, "దానికి తెలీదు. వానికి తెలుస్తాది" అని వెళ్ళిపోయారు. ఆయన్ని అంత మాట అన్నందుకు నాకు ఈ రోజుకీ సిగ్గుగా ఉంది.

చివరి వారాల్లో ఆక్సిజన్ గొట్టంతో కూడా వచ్చి కూర్చున్నారు. దొరకలేదు.

ఆయన పోయిన పదకొండో రోజు రాజంపేట నుంచి మరదలు ఫోన్ చేసింది. ఆంటీ కాసేపు మాట్లాడి నా చేతికిచ్చింది.

"బావ చెప్పినాడు మ్మా, నీ కంప్యూటర్లో కనపడతాదని. ఆయన పోయినాడు, ఇంక నువ్వే చూపించల్ల. పెద్ద దిబ్బ పక్కనంట. చూడు."

నా గదిలోకెళ్ళి కంప్యూటర్ తెరిచాను. "చూస్తా ఉన్నా అత్తా."

"నిదానంగా చూడు. నేను లైన్లోనే ఉంటా."

తెర నిండా దిబ్బలు, అన్నీ ఒకే వంపుతో, ఒకే దిక్కుకు తిరిగి ఉన్నాయి. కిందికి జరిపితే ఇంకా దిబ్బలు. ఫోన్లో ఆమె ఊపిరి వినిపిస్తోంది. ఆమె పెట్టేయలేదు. నేను జరుపుతూనే ఉన్నాను.