గట్టు మీద వెలిగిన లాంతరు

లాంతరు ఆరిపోయిందని ఆ రోజు నేను చెప్పలేదు. చెప్పాల్సింది ఆ ఒక్క మాటే. అడిగినవాళ్లు ఇద్దరు. వాళ్లు అడగకపోయినా చెప్పవలసిన పని నాకే అప్పజెప్పి ఉన్నారు. ముప్పై తొమ్మిదేళ్లు ఆ మాట నా నోట్లోనే ఉండిపోయింది. ఈలోగా మా నాయన పోయాడు, అవ్వ పోయింది, మా బావి పూడిపోయింది. మొన్న అనంతపురంలో ఒక కొట్టుకు కొత్త లాంతరు కొనడానికి వెళ్లినప్పుడు అది మళ్లీ గొంతులోకి వచ్చి నిలబడింది.

నేను పామిడిలో బడిపంతులుని. ఏటా చలికాలంలో పిల్లల చేత పెన్న ఒడ్డున గుడారాలు వేయించి, మూడు రోజులు అక్కడే వండుకుని తినేటట్టు చేస్తాం. ఈసారి లాంతర్లు కొనే పని నా మీద పడింది. చిన్నదై ఉండాలి, సంచిలో పట్టాలి, గాలివానకు కరెంటు పోయిన రోజు ఇంట్లోకీ పనికిరావాలి. కొట్టాయన బల్ల మీద నాలుగు రకాలు పెట్టాడు. ఒకటి అరచేతిలో ఇమిడేది, ఒకటి నొక్కితే బిళ్లలాగా అణిగి లాగితే లేచేది, ఒకటి ఫోనుకు కూడా ఛార్జింగు ఇచ్చేది. నాలుగోది అచ్చం పాతకాలపు లాంతరు ఆకారంలో ఉంది, పైన తీగ పిడితో, లోపల మంటలాగా వణికే పసుపుపచ్చ బల్బుతో. ఎన్ని గంటలు వెలుగుతుంది, ఎంతసేపు ఛార్జింగు పెట్టాలి, కింద పడితే పగులుతుందా అని నేను ఒక్కొక్కటే తిప్పి చూస్తూ అడుగుతున్నాను.

"ఏం భయం ల్యా సార్, ఇది ఆరేదే ల్యా. గాలికి ఆరదు, వానకు ఆరదు, బిందెలో ముంచినా ఆరదు," అన్నాడాయన.

"గాలి ఆడనిచోట?" అన్నాను.

ఆయన నవ్వాడు. "దీనికి గాలితో ఏం పని సార్? ఇదేమన్నా ఊపిరి పీలుస్తాదా?"

నేను నవ్వలేకపోయాను. ఏసీ గాలిలో, అట్టపెట్టెల వాసనలో, నా ముక్కుకు ఉన్నట్టుండి కిరసనాయిలు వాసన కొట్టింది.

మా ఊరు కుందుర్పి పక్కన. ఇంట్లో లాంతరు నా సొత్తు. పొద్దు వాలేసరికి గాజు ఊడదీసి, పొయ్యిలోని బూడిద గుడ్డకు అద్ది లోపల తుడవాలి. పెద్దవాళ్ల చెయ్యి ఆ గాజులో పట్టదు కనుక ఏ ఇంట్లోనైనా ఆ పని పిల్లలదే. వీధి పొడవునా అరుగుల మీద మేమంతా కూర్చుని, ఎవరి గాజు ఎక్కువ మెరుస్తుందో చూడటానికి దాన్ని కంటికి ఆనించుకుని దిగే సూర్యుణ్ణి చూసేవాళ్లం. వీధి చివర కరెంటు స్తంభం ఉండేది, దానికి బల్బూ ఉండేది, కానీ అది వెలిగిన రోజు మాకు పండగ. అవ్వ సంగటి కెలికే చప్పుడు, పక్కింట్లో చెనిక్కాయలు వేగే వాసన, దుమ్ముతో ఎర్రబడిన మేకలు ఇళ్లకు చేరడం, వీటన్నిటి నడుమ ఒత్తి కత్తిరించి, అగ్గిపుల్ల గీసి, గాజు దించి, మంటను సరిచేసి గుంజకు తగిలించేవాణ్ణి. అప్పుడు మా చిన్నాయన తిప్పన్న ఎక్కడున్నా ఒక కేక వేసేవాడు: "దీపాలోడు ముట్టించినాడప్పా, ఇంక మనం కండ్లు తెరవొచ్చు!"

చిన్నాయనకు ఇరవై మూడేళ్లు. ఎప్పుడూ ఈల వేస్తుండేవాడు. ఎద్దులను తోలుతూ ఈల, సంగటి ముద్ద చల్లారేదాకా ఈల. "ఇంట్లో ఈలలేస్తే పాములొస్తాయిరా," అని అవ్వ తిడితే, "వస్తే రానీమ్మా, వాటికీ రొంత సంగటి పెడుదువులే," అనేవాడు.

ఆ ఏడు వానలు లేవు. అంతకు ముందు ఏడూ లేవు. చెట్లు కూడా ఆకు రాల్చి ఎముకల్లాగా నిలబడి ఉంటే, చేలో మా బావిలో నీళ్లు అడుగంటి, ఎద్దులు తాగడానికి కూడా చాలకుండా పోయాయి. బావిని ఇంకా లోతు చేయాలని మా నాయన తనకల్లు వైపు నుంచి బావులు తవ్వే ఓబులేసును, ఆయన మనుషులు నలుగురిని పిలిపించాడు. చిన్నాయనా వాళ్లతో కలిసి దిగి తవ్వేవాడు. ఓబులేసుకు అప్పుడు నలభై ఉంటాయేమో. మోకాళ్ల దాకా పంచె, మెడలో వేలాడే పొగాకు సంచి, రాతిని గుప్పిటతో తట్టి లోపల నీళ్లున్నాయో లేవో చెప్పే మనిషి. చుట్టుపక్కల పది ఊళ్లలో ఆయన మాట మీద జనం బావిలోకి దిగేవాళ్లు. నేను ఆయన్ని మామా అని పిలిచేవాణ్ణి.

లోతు బావిలో పని చేసేవాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. రోజూ పొద్దున మనిషి కంటే ముందు లాంతరు దిగాలి. ముట్టించిన లాంతరును తాడుకు కట్టి అడుగుదాకా వదలాలి, నూరు లెక్కపెట్టాలి, లాగాలి. వెలుగుతూ వస్తే మనిషి దిగవచ్చు. ఆరిపోయి వస్తే అడుగున గాలి చెడిందని గుర్తు. అప్పుడు కానుగ మండలు మోపుగా కట్టి, బావిలోకి దించి, గంటసేపు పైకీ కిందికీ ఊపి, నీళ్లు చల్లి, మళ్లీ లాంతరు దించి చూడాలి. గంట పని. అంతే. దించేది ఎప్పుడూ ఓబులేసే. కానీ లాంతరు నాది కదా అని నేను రోజూ ఆయన వెంటపడి, కాళ్లు పట్టుకున్నంత పని చేసి, నాలుగో రోజుకో ఐదో రోజుకో ఆ తాడు నా చేతికి ఇప్పించుకున్నాను. మొదట్లో పక్కన నిలబడి చూసేవాడు. తర్వాత వేపచెట్టు కింద తాళ్లకు ముళ్లు సరిచూసుకుంటూ, కంటితో కనిపెట్టేవాడు.

ఉగాది ముందురోజు బావి అడుగు రాతికి మందు తూటాలు పెట్టి పేల్చారు. రాయి పగిలింది, పొగ సుళ్లు తిరిగింది, పని ఆపి అందరూ పండగకు ఇళ్లకు పోయారు. ఆ పండగంతా నాకు ఇంకా నాలుక మీద ఉంది. వేపపువ్వూ బెల్లమూ కలిపిన చేదు తీపి, నేతిలో తడిసిన ఓళిగలు, మర్నాడు ఇంటింటా మసాలా నూరే చప్పుడు, మాంసం ఉడికే వాసన. ఆ రెండో రోజు సాయంత్రం నేను ఊరి బయట పెద్దగుండు కింద తేనెపట్టు చూశాను. లాంతరులోని కిరసనాయిలు వంచి, గుడ్డపీలికలు తడిపి, కర్రకు చుట్టి కాగడా చేసి తేనె తీశాను. ఆ తేనెను టేకాకులో పెట్టుకుని చిన్నాయనకు ఇస్తే, ఆకు కూడా నాకి, "యాడిదిరా ఇది? సొర్గంలోనుంచి దెచ్చినావా?" అన్నాడు. ఎక్కడిదో చెప్పాను గానీ ఎట్లా తీశానో చెప్పలేదు. రేషను కిరసనాయిలు నాయన కొలిచి వాడే రోజులవి. ఒక్క చుక్క ఒలికినా వీపు పగిలేది.

మర్నాడు పొద్దున పని మొదలు. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. ఓబులేసు వేపచెట్టు కింద తాళ్లు చూసుకుంటున్నాడు, చిన్నాయన తలకు గుడ్డ చుట్టుకుంటున్నాడు. నేను లాంతరు ముట్టించి దించాను. అడుగున పసుపు చుక్క ఒకటి కనిపిస్తోంది. లెక్కపెడుతున్నాను. నలభై దాకా వచ్చేసరికి ఆ చుక్క చిన్నదయింది, నీలంగా అయింది, లేదు.

నాకు మొదట గుర్తొచ్చింది బావి కాదు. నాయన చేతిలోని చర్నాకోల. నూనె అయిపోయిందని, ఇప్పుడు అందరూ లాంతరు ఊపి చూస్తారని, తేనె సంగతి బయటపడుతుందని భయం. గబగబా లాగాను. గట్టు చాటున కూర్చుని ఊపితే అడుగున కొంచెం నూనె పలికింది. ఒత్తి ఎత్తి పుల్ల గీశాను.

ఒక్క పుల్లకే అంటుకుంది.

ఇక్కడే నేను నిజం చెప్పాలి. నూనె లేని ఒత్తి అట్లా అంటుకోదు. చిటపటలాడుతుంది, ఎర్రగా మాడుతుంది, కంపు కొడుతుంది. రోజూ ముట్టించేవాణ్ణి, నాకు తెలియదా. అది నిండుగా, నిలకడగా వెలిగింది. అంటే ఆరింది నూనె లేక కాదు. పదకొండేళ్ల పిల్లాడికి అంత ఆలోచన ఎక్కడ ఉంటుందని నన్ను నేను ఎన్నో ఏళ్లు బుజ్జగించుకున్నాను. ఆలోచన అక్కర్లేదు. తెలిసింది. తెలిసి కూడా ఆ లాంతరును తీసుకెళ్లి అందరికీ కనిపించేటట్టు గట్టు మీద పెట్టాను.

"ఏమిరా దీపాలోడా, దిగొచ్చునా?" అన్నాడు చిన్నాయన.

"ఎలుగుతాండాది చిన్నాయనా."

ఓబులేసు తల ఎత్తి చూశాడు. "ఎలుగుతాండాదా అబ్బోడా?"

"ఊ."

ఆయన కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని లాంతరు వైపు చూశాడు. వెలుగుతోంది. "సరే, దిగప్పా తిప్పన్నా," అన్నాడు.

చిన్నాయన తాడు పట్టుకుని మెట్టు మెట్టుకూ ఈల వేస్తూ దిగాడు. బావి గోడలకు తగిలి ఆ ఈల రెండింతలై పైకి వచ్చేది. సగం దాటింది. ఇంకా కిందికి పోయింది. తర్వాత, పాట మధ్యలో, ఆగింది.

మిగతాది తొందరగా చెప్పేస్తాను. మూతికి తడిగుడ్డ కట్టుకుని, నడుముకు తాడు బిగించుకుని దిగింది ఓబులేసే. చిన్నాయనను తాడుకు కట్టి పైకి పంపింది ఆయనే. ఆ తర్వాత ఆయన్ని లాగేసరికి ఆయనకూ స్పృహ లేదు. ఆయన లేచాడు. చిన్నాయన లేవలేదు.

చిన్నాయన పోయిన మూడో రోజు ఊరంతా చేరింది. పండగ మర్నాడు తాగిన మత్తు దిగక ఓబులేసు లాంతరు దించకుండానే మనిషిని దించాడని అప్పటికే నలుగురూ అనుకుంటున్నారు. మా నాయన ఏడవలేదు. ఓబులేసు ఎదురుగా నిలబడి అడిగాడు.

"లాంతరు దించినావా?"

"దించినా."

"నువ్వే దించినావా?"

ఓబులేసు వెనక నిలబడ్డ తన మనుషుల వైపు ఒక చూపు చూశాడు. "నేనే దించినా."

"ఎలుగుతా వచ్చిందా?"

"ఎలుగుతానే ఉన్నిందప్పా. నా కండ్లతో జూసినా."

"మరి నా తమ్ముడెట్ల సచ్చెరా, అబద్దాలోడా?"

దానికి జవాబు అవ్వ కొంగు వెనక నిలబడి ఉంది. నాయన ఆయన ముఖం మీద ఉమ్మాడు. ఓబులేసు తుడుచుకోలేదు. నా వైపు చూడనూ లేదు. తాళ్లు చుట్టుకుని నలుగురితో కలిసి వెళ్లిపోయాడు. తర్వాత ఏ ఊరివాళ్లూ ఆయన్ని బావికి పిలవలేదని, ఎక్కడో రాళ్లు కొట్టే పనికి పోయాడని విన్నాను. విని ఊరుకున్నాను. చదువుకున్నాను, ఉద్యోగం వచ్చింది, నాయన ముందు కూర్చుని వెయ్యిసార్లు అన్నం తిన్నాను. కరెంటు పోయి ఎవరైనా పుల్ల గీస్తే చాలు, వెలుగు కంటే ముందు నాకు ఈల వినిపించేది. వినిపించి, మధ్యలో ఆగేది.

కొట్లో ఎక్కువసేపు తేల్చుకోలేక, చివరికి పిడి ఉన్న పసుపుపచ్చ లాంతర్లు పిల్లలకు ఆరు, ఇంటికి ఒకటి తీసుకున్నాను. పామిడి బస్సు ఎక్కాల్సినవాణ్ణి, ఓబులేసు ఊరు తనకల్లు పోవడానికి కదిరి బస్సు ఎక్కాను. దారి పొడవునా చేలల్లో బోర్ల గొట్టాలు, మనిషి చెయ్యి కూడా పట్టని రంధ్రాలు. దిగే బావులు లేవు. రేషను కొట్లో కిరసనాయిలు లేదు, గాజు తుడిచే పిల్లలు లేరు, లాంతరు అంటే మా బడి పిల్లలకు ఒక బొమ్మ.

తనకల్లులో రెండు చోట్ల అడిగితే ఇల్లు చూపించారు. ఓబులేసు వసారాలో పాత తాడును విప్పి మళ్లీ పేనుకుంటున్నాడు. ఎనభైకి దగ్గర. నేను ఎవరి కొడుకునో చెప్పాక చాప చూపించి, "కూసో సారూ," అన్నాడు. అంతే. ఎందుకొచ్చావని అడగలేదు. నేను సంచిలోంచి లాంతరు తీసి వెలిగించాను.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "దీన్ని బాయిలోకి దించితే ఆరదా?"

"ఆరదు మామా."

"అట్లయితే అదెందుకు?" అని నా చేతికి ఇచ్చేశాడు.

అప్పుడు చెప్పాను. తేనెతో మొదలుపెట్టి చెప్పాను. ఆయన చేతుల్లో తాడు ఆగిపోయింది.

"నేను జూసినప్పుడు ఎలుగుతానే ఉన్నింది గదా?" అన్నాడు చివరికి.

"ఉన్నింది మామా."

"ఇన్నేండ్లూ నా కండ్లే నన్ను మోసం జేసినాయనుకున్నా." తాడును ఒడిలో పెట్టుకున్నాడు. "మా ఆడది సచ్చేముందు గూడా అడిగె. దించినావా ల్యాదా, నాకన్నా చెప్పు అని."

"నువ్వే దించినా అని ఎందుకు చెప్పినావు మామా? నా పేరు ఎందుకు చెప్పలేదు?"

"బిడ్డ చేతికి తాడిచ్చి చెట్టు కింద కూసున్నా అని యా మొగం పెట్టుకోని చెప్పేది?" ఆయన గొంతు పెరిగింది. "అది నా తప్పు. అది నేను మోస్తా. కానీ ఎలుగుతా ఉన్నిందన్న మాటలో నేను అబద్దాలోన్ని కాదు."

ఇంటి లోపలికి తిరిగి కేక వేశాడు. "తిమ్మక్కా! ఈడికి రా మే. ఈ సారు ఒక మాట చెప్తాడంట, ఇను."

ఆయన కూతురు చేటతోనే బయటికి వచ్చింది. నా వయసే ఉంటుంది. ఊరి నోట తండ్రి అబద్దాలోడనే మాట వింటూ పెరిగిన మనిషి. గడప దగ్గర నిలబడింది.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు ఓబులేసు. "గెట్టిగా చెప్పు, పక్కింటికి గూడా ఇనపడల్ల."

నేను లేచి నిలబడ్డాను.

"ఆ పొద్దు లాంతరు దించింది మీ నాయన కాదక్కా, నేను. అది బాయిలో ఆరిపోయింది. నేనే పైకి లాగి, మళ్లా ముట్టించి, గట్టు మీద పెట్టినా. మీ నాయన జూసినప్పుడు అది ఎలుగుతానే ఉన్నింది. ఆయన చెప్పింది నిజం. అబద్దమాడింది నేను. తప్పు జేసినా మామా. మన్నించు."