తలలు తీసిన రాజదంపతులు

2018 ఫిబ్రవరి 28, బుధవారం. ఆక్లాండ్ విమానాశ్రయం దగ్గర మా ట్రీట్‌మెంట్ షెడ్. ఉన్నవారు: నేను, తనిఖీ అధికారి సునీత, హామిల్టన్ నుంచి వచ్చిన మికా, జపాన్ నుంచి వచ్చిన ఆమె తల్లి హరుకో గారు. బల్ల మీద చక్రవర్తి, మహారాణి.

డైరీలో ఆ రోజు పేజీ ఇలాగే మొదలవుతుంది. చివరి ఇద్దరూ బొమ్మలు.

విదేశాల నుంచి వచ్చిన సామానులో పురుగు కనిపిస్తే మా షెడ్డుకు పంపేవారు. గ్యాస్ పట్టించడం ఫ్యూమిగేషన్, వేడి పెట్టడం హీట్ ట్రీట్‌మెంట్, గడ్డకట్టించడం ఫ్రీజింగ్. ఏదీ కుదరకపోతే తిప్పి పంపడమో, కాల్చేయడమో. పదవీ విరమణ దాకా నా పని అదే.

జపాన్‌లో మార్చి మూడున ఆడపిల్లల పండుగ. ప్రాచీన రాజసభ దుస్తుల్లో ఉన్న రాజదంపతుల బొమ్మలను ఎర్రగుడ్డ పరిచిన మెట్ల మీద కొలువుతీరుస్తారు. పిల్లకు రాబోయే కీడును బొమ్మలు తమ మీద వేసుకుంటాయని నమ్మకం. ఈ జంటను హరుకో గారు పుట్టినప్పుడు వాళ్ళ అమ్మమ్మ కొన్నదట. ఇప్పుడు మనవరాలి మొదటి పండుగకని తెచ్చారు. పట్టు బట్టల లోపల బొమ్మల ఒళ్ళు వరిగడ్డి కట్టలు. మహారాణి కింద సన్నని పొడి రాలింది. ఆ గడ్డిలో బతికున్న పురుగును సునీత నాకు చూపించింది.

“అంకుల్, గ్యాస్ పెడదామా? శనివారమే వాళ్ళ ఫెస్టివల్ అంట.”

“పట్టు రంగు పాడవుతుందేమోనమ్మా. వేడి పెడితే ముఖం మీద ఆలిచిప్పల పొడి పూత పగులుతుంది. ఫ్రీజరే క్షేమం.”

“అది వారం దాటుతుంది కదా! పాపం, పాపకి ఫస్ట్ ఫెస్టివల్.”

మికా తల్లికి చెప్పింది. ఆవిడ తల వంచి ఏదో అన్నారు. “ఈ ఏడాదికి బొమ్మలు లేకపోయినా ఫర్వాలేదంటోంది. ఊరికే అంటోంది. పెట్టెలో వీటికి చోటు చేయడానికి తన బట్టలన్నీ తీసేసింది. ఇప్పుడు తిరుగుతున్నది నా చెప్పులతో” అంది మికా.

మాకూ బొమ్మల కొలువు ఉందన్నాను. దసరాకు బందరు ఇంట్లో మా అమ్మ చెక్కపెట్టెలు మెట్లుగా పేర్చి దుప్పటి పరిచేది. చివరి రాత్రి బొమ్మలను పడుకోబెట్టేది. తెల్లవారితే గానీ పెట్టెల్లో సర్దేది కాదు. “నీ కొండపల్లి ఏనుగు ఏ పక్కకు తిరిగి పడుకుంటుందే?” అని నాన్న ఏటా ఎగతాళి. తల ఆడించే బొమ్మకు మాత్రం తల ఊడదీసి, పాత జాకెట్టు గుడ్డలో విడిగా చుట్టేది.

అది చెబుతూనే ఆగిపోయాను. “అమ్మా, వీటి తలలు విడిగా వస్తాయా?” శుభమా అని తెచ్చుకున్న బొమ్మల గురించి అలా అడగడానికి నోరు రాలేదు గానీ, అడిగాను.

మికా ఆ మాట చెప్పగానే హరుకో గారు మహారాణి మెడ పట్టుకుని మెల్లగా తిప్పారు. కింద పుల్లతో సహా తల చేతిలోకి వచ్చింది. మికా “అమ్మా!” అని అరిచింది.

సునీత రెండు తలలనూ భూతద్దం కింద చాలాసేపు చూసింది. “ఇవి క్లీన్, అంకుల్. పురుగున్నది గడ్డిలోనే. తలలు ఇచ్చేయొచ్చు.”

“పూర్వం ఈ బొమ్మల ఒళ్ళంతా కాగితమే. ఈ తలలకూ అలాగే చేస్తాను,” అన్నారు హరుకో గారు, మికా తర్జుమా చేస్తుంటే. “వారం రోజులు రాజుగారు కాగితం బట్టలు కట్టుకుంటారు.”

“మహారాణి ఒప్పుకుంటుందా?” అంది మికా.

“ఆవిడ చూడని కష్టమా? నా చిన్నప్పుడు మా పిల్లి ఆవిడ మీదే నిద్రపోయేది.”

అందరం నవ్వాం. తలలు పత్తిలో చుట్టుకుని వాళ్ళు వెళ్లారు. బొమ్మల ఒళ్ళు సంచిలో పెట్టి సీలు వేశాం. ఆ కేసు తరువాత ఏ సామాను వచ్చినా, దీన్ని ఏం చేయాలని అడిగే ముందు ఇందులో ఏది విడదీయవచ్చని అడగడం అలవాటు చేసుకున్నాను.

మర్నాడు ఉదయం సంచి ఫ్రీజర్‌లో పెట్టే వేళకు తల్లీకూతుళ్ళు మళ్ళీ గేటు దగ్గర ఉన్నారు. హరుకో గారు నా అరచేతిలో రెండు కాగితపు తలలు పెట్టారు. ఒక్కొక్కదానికి రెండు సన్నని కళ్ళు, చుక్కంత నోరు.

“తల లేకుండా అన్ని రోజులు ఉంచడం బాగుండదట. ఇంటికెళ్ళింది మొదలు ఒకటే నస” అంది మికా.

సునీత నవ్వుతూ సీలు విప్పింది. తలలు గుచ్చి, సంచి మూసి, మళ్ళీ సీలు వేశాం. దాన్ని అరలో నిలబెట్టబోయి ఆగాను. ఇద్దరినీ పక్కపక్కన పడుకోబెట్టి, చప్పుడు కాకుండా తలుపు మూశాను.