మొగ్గలకు క్షవరం

రెండేళ్లు కళ్లల్లో ఒత్తులు వేసుకుని ఎదురుచూసిన ఆ మొగ్గ రసాన్ని, తీరా చేతికందాక, మరిది ఒక్క వెంట్రుకైనా లేని తన నెత్తిమీదే ఎందుకు పిండుకున్నాడు? వదినకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఈ కథ చెబుతున్నవాళ్లకూ అంతే.

మరిదిది కటింగ్ షాపు. రెండు కుర్చీలు, ఒక పొడుగాటి అద్దం, కిర్రుమనే ఫ్యాను. నున్నటి గుండుమీద ట్యూబ్‌లైటు మెరుస్తుంటే కబుర్లాడుతూ కత్తెర ఆడిస్తాడు. హెచ్చుతగ్గులు ఆయన కంటికి గిట్టవు. ఎవరి చెవి పక్కనైనా ఒక్క వెంట్రుక పొడుచుకొస్తే చాలు, చెయ్యి ఊరుకోదు.

పూలమ్మే ఆవిడ ఒకరోజు దుంప ముక్క చేతిలో పెట్టింది. షాంపూ అల్లమట. ఎర్రటి మొగ్గలేస్తుందట, పిండితే జిగురునీళ్లు కారతాయట, తలకు రుద్దితే జుట్టు పట్టుకుచ్చేనట. ఇక మరిది కాలు నేలమీద నిలవలేదు.

"షాపుకొచ్చినవాళ్లందరికీ దీంతోనే తల రుద్దుతా వదినా. క్యూ వీధి చివరిదాకా ఉంటుంది చూడు."

"నీ గుండు చూసి నమ్ముతారా?"

"నా గుండు చూసి భయపడైనా రుద్దించుకుంటారు."

మేడమీద పాత రంగుడబ్బాలన్నీ అల్లంతో నిండాయి. ఆకులు నడుమెత్తు పెరిగి వదిన చీరలారేసే తీగను మింగేశాయి. రెండేళ్లయినా మొగ్గ మాత్రం లేదు. చివరికి ఇంటి ఓనరమ్మ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది.

"మేకల్నేమైనా పెంచుతున్నారా? ఆదివారంలోగా పువ్వు చూపించు. లేదా డబ్బాలన్నీ రోడ్డుమీదే."

శనివారం మరిది మొహం వేలాడేసుకుని మొక్కల దగ్గర కూర్చున్నాడు. దిగులుగా ఉన్నా చెయ్యి ఊరుకుంటుందా? మొక్క మొదట్లో మట్టిలోంచి లేచిన ఓ బుడిపెను కసుక్కున కత్తిరించాడు. బట్టలారేస్తున్న వదిన చూసింది.

"అదేంటి మరిదీ?"

"ఏదో పిలక. ఆకులుండవు, బోడిగా లేస్తుంది. అసహ్యంగా ఉంటుందని ఎప్పటికప్పుడు తీసేస్తుంటా."

వదిన దాన్ని తీసి చూసింది. పొర మీద పొర, బుజ్జి పొట్లంలా ఉంది. నలిపితే వేళ్లకు జిగురు, అల్లం వాసన.

"ఎప్పటినుంచీ తీస్తున్నావు?"

"మొదటినుంచీ."

"మహానుభావా, ఇదే మొగ్గ. రెండేళ్లుగా మొక్కలకు మెడవెనక గీసేస్తున్నావు."

మరిది కత్తెర పక్కన పడేశాడు. తర్వాత ఇద్దరూ ఒక్కో డబ్బా వెతికారు. మొదళ్లన్నీ నున్నగా, ఆయన తలలాగే. మిగిలింది నీళ్ల ట్యాంకు వెనక డబ్బా ఒకటి. బొజ్జ అడ్డమొచ్చి మరిది ఎన్నడూ ఆ సందులో దూరలేదు. వదిన పక్కకు తిరిగి దూరింది.

"ఏముంది వదినా?"

"చెప్పను."

"నీ కాళ్లు పట్టుకుంటా."

"ఆ పొట్టతో వంగగలిగితే పట్టుకో" అంటూ డబ్బాను బయటికి లాగింది. గుప్పెడంత లావున, ఎర్రగా, నిగనిగలాడుతూ మూడు మొగ్గలు.

మరిది ఆరేసిన దుప్పట్ల మధ్య గిరగిరా తిరిగాడు. ఆ గోలకు ఓనరమ్మ పైకొచ్చి ఒక మొగ్గను నొక్కి వాసన చూసింది. మళ్లీ చూసింది.

"సరే, ఉండనీ. నా తలకొకటి దాచు" అని గంభీరంగా దిగిపోయింది.

అప్పుడే మరిది పెద్ద మొగ్గను రెండు చేతులా పట్టి గుండుమీద పిండేసుకున్నాడు. రసం కనుబొమల మీదుగా జారి ముక్కు చివర వేలాడింది.

రోజూ షాపుకెళ్తూ గడప దగ్గర మూడుసార్లు "వెళ్లొస్తా వదినా" అనే మనిషి, ఆవేళ వెనక్కైనా చూడలేదు. తుడుచుకోని గుండుతో, చేతిలో రెండో మొగ్గతో, మెట్లు రెండేసి దూకుతూ షాపువైపు పరుగెత్తాడు.