పెన్నులో సిరా ఎంత తగ్గింది

రీసెర్చిలో చేరిన మూడో ఏడు నాకు సిరా పెన్నుల పిచ్చి పట్టింది. థీసిస్ కదలనివాడికి ఇలాంటి పిచ్చి తొందరగా పడుతుంది. నేను రాయలేకపోవడానికి కారణం బాల్‌పెన్ అని తేల్చుకున్నాను. లైబ్రరీ రీడింగ్ రూములో పుస్తకం తెరిచి పెట్టుకుని, దాని చాటున ఫోనులో పెన్నుల వీడియోలు చూసేవాణ్ణి. అన్నీ చూశాక ట్రాన్స్‌పరెంట్ పెన్నే కావాలనుకున్నాను. సిరా ఎంత ఉందో బయటికే కనిపిస్తుంది, రాస్తూ రాస్తూ మధ్యలో ఆగిపోయే బాధ ఉండదని అందరికీ చెప్పాను. అసలు సంగతి వేరు. జేబులో నీలం సిరా కనబడుతుంటే రాసే మనిషిలా ఉంటానని నా ఆశ.

అప్పుడు మాణికేశ్వర్ నగర్‌లో అక్కా బావల దగ్గర ఉండేవాణ్ణి. క్యాంపస్‌కు నడిచి పోయేంత దూరం. అక్క ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. తన చదువు పదో తరగతితో ఆగిపోయింది, నాది ఆగకుండా చూసుకుంది. పెన్ను మాట ఎత్తగానే "నేను కొనిస్త పా తమ్మీ" అని మిషన్ మీది గుడ్డ మడిచిపెట్టి నాతో తార్నాక బయలుదేరింది.

స్టేషనరీ షాపాయన పెద్దమనిషి. గాజు బల్ల మీద పేపరు పరిచి మూడు ట్రాన్స్‌పరెంట్ పెన్నులు పెట్టాడు. రెండింటిలో సిరా పీల్చుకునే చిన్న పంపు ఉంది. మూడోదానిలో ఏమీ లేదు, గొట్టమంతా ఖాళీ. ఫిల్లర్‌తో నేరుగా నిండా పోసుకోవడమే.

"రోజుకెంత రాస్తరు సార్?" అని అడిగాడు.

"పది పేజీలు" అన్నాను. అక్క నా మొహంలోకి మురిపెంగా చూసింది. అప్పటికి పది పేజీలు రాసి ఎన్ని నెలలయిందో నాకే గుర్తు లేదు.

"మొదటి పెన్నయితే ఈ పంపుది తీస్కోండి. సిరా తక్కువ పడ్తది గని కడుగుడు సులువు. గొట్టం నిండ పోసేది బాగ రాసేటోళ్లకు. రాయకుంట ఉంచితే పాళీల సిరా ఎండి గడ్డ కడ్తది."

నాకు ఒళ్లు మండింది. ఇవన్నీ తెలుసని, పంపు పెన్నులు స్కూలు పిల్లలకని, వీడియోల్లో విన్న ముక్కలన్నీ ఆయన మీద వల్లె వేశాను. ఆయన ఆ మూడో పెన్ను గొట్టం మర తిప్పే చోట సిరా కారకుండా కాస్త గ్రీజు రాసి, పాళీని సిరాలో ముంచి నా చేతికిచ్చాడు. నేను సంతకం పెట్టాను. మళ్లీ పెట్టాను. మూడోసారీ అదే.

"సంతకమే పెడ్తున్నవ్, ఏదన్న రాయరాదు" అంది అక్క. నాకేమీ తట్టలేదు. అప్పుడు తను పెన్ను తీసుకుని, ఆ రోజు కత్తిరించాల్సిన జాకెట్ కొలతలు, ఛాతీ, నడుము, చెయ్యి, వరసగా రాసింది. పాళీ ఎక్కడా గీరుకోలేదు. "మంచిగున్నది, ఇదే తీస్కో" అంది. అలా నా మొదటి సిరా పెన్నుతో మొదటి వాక్యంలాంటిదేదో రాసింది అక్కే.

కొన్నాళ్లు నిజంగానే రాశాను. తర్వాత మా గైడు మూడో చాప్టరు మొత్తం మళ్లీ రాయమని తిప్పి ఇచ్చారు. ఆ కాగితాలు సంచిలోంచి తీయడానికే భయమేసింది. పొద్దున క్యాంపస్‌కు పోవడం, చెట్ల కింద చాయ్ తాగడం, రీడింగ్ రూములో ఫోను చూడడం, సాయంత్రం ఇంటికి రావడం. పెన్ను నిండుగా పోయి నిండుగా తిరిగొచ్చేది.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, అక్క రోజూ నా జేబులోంచి పెన్ను తీసి ట్యూబ్‌లైటుకు ఎత్తి చూసేది. నా థీసిస్ ఇంగ్లీషులో ఉంటుంది. తన తమ్ముడు చదువుతున్న చదువులో తను చదవగలిగింది ఆ సిరా గీత ఒక్కటే. "ఏంది, ఇయ్యాల గింతే తగ్గింది? పానం బాగలేదా?" అని ఒకసారి అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కన్నా చావడం నయమనిపించింది.

మర్నాడు పొద్దున స్నానానికి పెన్ను పట్టుకుపోయి, కాస్త సిరా పారబోశాను.

ఒక్కసారికే అనుకున్నాను. కానీ రోజూ చేశాను, అదీ లెక్కగా చేశాను. సోమవారం ఎక్కువ, శనివారం తక్కువ. ఆదివారం సెలవు కాబట్టి ఒక్క చుక్క కూడా పారబోయలేదు. థీసిస్ మీద పెట్టని బుర్రంతా దీని మీద పెట్టాను. సాయంత్రం అక్క పెన్ను ఎత్తి చూసి "మస్తు రాసినవ్" అని చాయ్ పెట్టేది. నేను తాగేవాణ్ణి. సిరా అయిపోతే నల్లకుంట పోయినప్పుడు తనే బుడ్డి తెచ్చేది. ఖాళీ బుడ్లలో జాకెట్ హుక్కులు పోసి మిషన్ పక్కన వరసగా పెట్టింది. జాకెట్ల కోసం వచ్చినవాళ్లకు వాటిని చూపించి "మా తమ్ముడు రాసి ఖాళీ చేసినయే ఇవన్ని" అని చెప్పేది. నేను వాటి వైపు చూడకుండా చెప్పులు వేసుకుని బయటపడేవాణ్ణి.

ఒక పొద్దున తార్నాక దాకా పోయాక ఐడీ కార్డు మరిచిపోయానని గుర్తొచ్చి వెనక్కి వచ్చాను. ఇంట్లో మిషన్ చప్పుడు లేదు. బాత్రూం తలుపు తెరిచే ఉంది. అక్క కింద కూర్చుని, సబ్బుపొడి చల్లి, తెల్ల టైల్స్ సందుల్ని పాత టూత్‌బ్రష్‌తో తోముతోంది. నురగ నీలంగా ఉంది.

నన్ను చూసి తను ఉలిక్కిపడింది. దొరికిపోయింది నేను, కంగారుపడింది తను.

"మొదట్ల పెన్ను కడిగినవేమో అనుకున్న" అంది తల ఎత్తకుండా. "రోజు కడుగుతరా తమ్మీ పెన్ను?"

"ఎప్పటిసంది తెలుసక్కా?"

"చలికాలం సంది. మీ బావ చూస్తే అడుగుతడని నువ్వు పోంగనే తోముతున్న."

చలికాలం పోయి మామిడికాయలు వచ్చాయి. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

"మరి రోజూ పెన్ను తీసి ఎందుకు చూసినవ్? మస్తు రాసినవ్ అని ఎందుకన్నవ్?"

"చూసుడు బంద్ చేస్తే, నాకు తెలిసిందని నీకు తెల్వదా?" అంది. బ్రష్ కడిగి కిటికీలో పెట్టింది. తిట్టినా బాగుండేది.

ఆ రోజు క్యాంపస్‌లో సంచి విప్పి మూడో చాప్టరు ముందు పెట్టుకున్నాను. ఒక్క ముక్కా రాలేదు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి జాకెట్ కోసం వచ్చిన పక్కింటామె మిషన్ దగ్గర కూర్చుని ఉంది. ఆ బుడ్ల కథ చాలాసార్లు విన్న మనిషి. అక్క నా జేబు వైపు చూసి, చెయ్యి చాపబోయి ఆగింది. నేనే పెన్ను తీసి చేతిలో పెట్టాను. తను లైటుకు ఎత్తి చూసింది. సిరా పొద్దున పారబోసినంతే తగ్గింది.

"ఏం రాయలేదక్కా ఇయ్యాల" అన్నాను, పక్కింటామె వింటుండగానే. "నిన్న గూడ రాయలే."

అక్క పెన్ను నా జేబుకు పెట్టి, చాయ్ పెట్టడానికి లేచింది.